ఆవలి ఒడ్డు నుంచి బెజవాడ: మన ఫొటో నడకల సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక మూడు వారాలు ఆలస్యమైంది. కోశాధికారి గారు రోజూ ఫోన్ చేస్తుంటే ఇక తప్పించుకునే దారి లేక కూర్చుని రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే ఈ ఏడాది నడకలు జరుగుతాయని నేను అనుకోలేదు. ఆగస్టు ఆఖరున బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక మనవాళ్లలో కొందరికి కెమెరా సంగతి దేవుడెరుగు, మార్చుకోవడానికి పొడి బట్టలు లేవు. ఇటు సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, ఎప్పుడూ లేనంత. అందుకే మన మొదటి కార్యక్రమం నడక కాదు, మాస్టారి ఇంట్లో నానిపోయిన ఆల్బమ్‌లు విప్పడం. అతుక్కుపోయిన ఫొటోలను లాగితే బొమ్మ ఊడొస్తుంది, మంచినీళ్ల బేసిన్‌లో కాసేపు వదిలేస్తే వాటంతటవే విడిపోతాయి. తర్వాత నీడలో, బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. ఎండలో పెట్టారో అప్పడాల్లా వంకర్లు తిరుగుతాయి. నాలుగు ఆదివారాలు ఇదే పని. పెళ్లి ఫొటోలు చాలావరకు దక్కాయి. నెగటివ్‌ల డబ్బా మాత్రం దక్కలేదు, మాస్టారు దాని గురించి ఇప్పటికీ మాట్లాడరు.

ఇక చలికాలం. ఏటా మనం గాంధీ కొండతోనే మొదలుపెట్టేవాళ్లం కదా. 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు ఆవిష్కరించిన 52 అడుగుల స్తూపం దగ్గర నిలబడి, కింద రైల్వే స్టేషన్, దూరంగా కృష్ణ, అందరి ఫోన్లలోనూ అదే ఫొటో. అదే ఫొటో ఏటా బూడిద రంగులో వచ్చేది. తప్పు కెమెరాదని ఒకరు, పొగదని ఒకరు, తెల్లారగట్ల లేవలేని మన బద్ధకానిదని మా అక్క. అసలు సంగతి ఈసారి తేలింది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుగా నడుస్తాడు. గాంధీ కొండ నుంచి నదిని చూడాలంటే మనం చూసేదీ దక్షిణానికే. అంటే పొద్దున్నించీ సాయంత్రం దాకా ఎదురు ఎండే, పైగా మధ్యలో ఊరి దుమ్మూ పొగా. అదే ఎండ ఆవలి ఒడ్డున, సీతానగరం వైపు నిలబడిన మనిషికి వీపు మీద పడుతుంది, ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద పడుతుంది. బెజవాడను ఫొటో తీయాలంటే బెజవాడలో నిలబడకూడదన్నమాట! ఆవలి ఒడ్డు గుంటూరు జిల్లా కదా, గుంటూరు సభ్యులు ఈ మాట విన్నప్పటినుంచి మనల్ని బతకనివ్వడం లేదు, పోనీలెండి, ఈ ఒక్క విషయంలో వాళ్లదే పైచేయి.

అందుకని డిసెంబరు, జనవరి నడకలన్నీ బ్యారేజీ మీదుగా అవతలికే పెట్టాం. జనవరిలో 6:40 దగ్గర పొద్దు పొడుస్తుంది కాబట్టి ఆరు గంటలకల్లా బ్యారేజీ బెజవాడ చివర కలవాలని నియమం, పాటించింది సగం మంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది, దాని స్థానంలో 1957కి ఈ బ్యారేజీ కట్టారు. కిలోమీటరుకు పైనే పొడవు. తొందరపడి దాటేస్తే పదిహేను నిమిషాలు, మనకు గంటన్నర పట్టింది. ఎందుకంటే అక్కడ రెండు నదులు కనిపిస్తాయి. ఎడమ చేతి వైపు, గేట్ల దిగువన, ఇసుక తిన్నెలు, పాయలు, వాటిలో కొంగలూ నీటికాకులూ, వెనక పొద్దు పొడుపు. కుడి చేతి వైపు నిండుగా నిలిచిన నీళ్లు, చలికి వాటి మీంచి ఆవిరిలా లేచే మంచు, అందులోంచి ఒక నాటు పడవ. మొదటిసారి అందరం ఎడమ వైపే ఎగబడ్డాం. రెండోసారికి తెలిసింది, పొద్దున ఎడమ వైపు తీసి, సాయంత్రం మళ్లీ వచ్చి కుడి వైపు తీయాలని. ఎందుకంటే పొద్దు వాలేది నీళ్ల మీదే. వరదకి కొట్టుకొచ్చిన పడవలు గుద్దితే కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్న 67, 69 నంబరు గేట్ల దగ్గర మాస్టారు చాలాసేపు నిలబడ్డారు కానీ ఫోన్ బయటికి తీయలేదు.

కరకట్ట మీద నడిచి ఉండవల్లి గుహలకు వెళ్లిన రోజు బాగా అలసిపోయాం, కానీ వెళ్లి తీరాల్సింది. అనంతశయన విష్ణువును చీకట్లో ఫోన్‌తో తీయడం కష్టం. ఫ్లాష్ కొడితే రాయి తెల్లగా వెలిసిపోతుంది, ఆపేసి ఫోన్‌ను స్తంభానికి ఆనించి తీసినవాళ్లకే బొమ్మ వచ్చింది. మూడో అంతస్తు వసారాలో కూర్చున్న రుషుల విగ్రహాల వెనక నుంచి, వాళ్లు చూస్తున్న పొలాలనే తీసిన ఒక చిన్నారి సభ్యురాలి ఫొటో నా లెక్కలో ఈ ఏడాది మొత్తానికి మంచిది. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. మనం తీసుకోలేదు, మోసుకెళ్లాం, మోసుకొచ్చాం.

భవానీ దీక్షల విరమణ రోజుల్లో గిరి ప్రదక్షిణ చేసేవాళ్ల ఎర్ర బట్టల వరుస తీద్దామని వెళ్లాం. దూరం నుంచి తీసినవి బాగున్నాయి. దగ్గరికి వెళ్లి మొహాలు తీయబోతే ఒక పెద్దావిడ "మొక్కు తీర్చుకోడానికొచ్చాం నాయనా, సినిమాకి కాదు" అన్నారు. నిజమే. ఇకమీదట మొహాలు తీయాలంటే అడిగి తీద్దాం. దుర్గ గుడి ఫ్లైఓవర్ మీద బండ్లు ఆపడం కూడా మానేద్దాం, అది 2020లో కట్టింది బండ్లు పోవడానికి, మన ఫొటోలకి కాదు.

భోగి నాటి నడక పూర్తిగా ఫెయిల్. భోగి మంటల పొగా మంచూ కలిసి కొండే కనిపించలేదు. ఒక్క బాబాయ్ మాత్రం తెల్లటి ఫొటో ఒకటి చూపించి "ఇదే బెజవాడ" అంటాడు, అందులో ఏముందో ఆయనకే తెలియాలి.

లెక్కలు కోశాధికారి గారు సభలో చదువుతారు. క్లుప్తంగా చెప్పాలంటే చందాల డబ్బు ప్రింట్లకు సరిపోయింది, టీలకు చాల్లేదు. ప్రదర్శనకు హాలు ఇస్తామన్న ఒకచోట వారం ముందు కుదరదన్నారు, అందుకే ఆ సాయంత్రం ఫొటోలన్నీ మా మేడ మీద దండేనికి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. గాలికి రెండు పక్కింట్లో పడ్డాయి. వాళ్లే తెచ్చిచ్చి, మిగతావి కూడా చూసి వెళ్లారు.

కార్యదర్శి పదవికి ఈసారైనా ఇంకెవరైనా ముందుకు రండి. వచ్చే నవంబరు మొదటి ఆదివారం సీతానగరం ఘాట్ దగ్గర, ఆరు గంటలకు. ఉండవల్లిలో మిగిలిపోయిన నీలం మంకీ క్యాప్, స్టీలు ఫ్లాస్కు మూత నా బండి డిక్కీలో ఉన్నాయి, ఎవరివో చెప్పండి.