కిమోనో కోత తెలియకుండా గేముకు కిమోనో చేయలేం

సంపాదకులకు నమస్కారాలు.

వీడియో గేముల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం, పిల్లలు వాటికి బానిసలవుతున్నారన్న ఆందోళనగానో, ఆ రంగంలో ఉద్యోగాలు పెరుగుతున్నాయన్న ఆశగానో ఉంటుంది. ఈ రెండింటికీ చెందని ఒక పనిని మన యువకులు కొందరు శ్రద్ధగా చేస్తున్నారు. ఇదివరకే విడుదలైన గేముకు కొత్త దుస్తులు, ఆయుధాలు, ఊళ్లు సొంతంగా తయారుచేసి, ఎలాంటి ప్రతిఫలమూ ఆశించకుండా తోటి ఆటగాళ్లకు పంచిపెట్టే ఆ పనిని మాడింగ్ అంటారు. 2011 నవంబరు 11న విడుదలైన స్కైరిమ్ అనే కాల్పనిక ప్రపంచపు గేమును ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఆడుతున్నారంటే, అందులో మాడ్ల పాత్ర చాలా పెద్దది. ఆ గేము కోసం తయారయ్యే దుస్తుల్లో జపాన్ తరహావి ఎంతో ఆదరణ పొందుతున్నాయి. త్రీడీ మోడలింగ్ బోధించే వృత్తిలో ఉండి, నా విద్యార్థులు అటువంటి దుస్తులు చేస్తుంటే దగ్గరుండి చూస్తున్నాను కనుక, ఈ పనిలో సాఫ్ట్‌వేర్ నేర్పుకన్నా ముందు బట్ట గురించిన జ్ఞానం అవసరమన్న మాటను మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను.

జపాన్ సంప్రదాయ దుస్తు కిమోనోకు వాడే తాను పన్నా సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 12 మీటర్లు ఉంటుంది. ఆ తానును నిలువుగా, అడ్డంగా తిన్నని గీతల మీదే కత్తిరించి, ఒంటికి రెండు పొడవాటి ముక్కలు, చేతులకు రెండు, ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చే అంచులకు రెండు, మెడపట్టీకి ఒకటి, దాని మీద తొడుగుకు ఒకటి, మొత్తం ఎనిమిది ముక్కలు చేస్తారు. భుజం దగ్గర గానీ చంక దగ్గర గానీ వంపు కోత ఉండదు. అందుకే పూర్వం కిమోనోను ఉతకాలంటే కుట్లు విప్పి, ముక్కలన్నిటినీ మళ్లీ ఒకే తానులా కలిపి, ఉతికి సాగదీసి ఆరబెట్టేవారు. త్రీడీలో మలిచిన ఆకారాన్ని, అంటే మెష్‌ను, విప్పి బల్లపరుపుగా పరిస్తేనే దాని మీద రంగులూ నమూనాలూ వేయడం కుదురుతుంది. మోడలింగ్ చేసేవారు యూవీ అనేది దీనినే. కిమోనోను దర్జీ కత్తిరించే ముక్కలే యూవీ ముక్కలు అయితే, చారలు చారలుగానే నిలుస్తాయి, అలల నమూనా అలలాగానే సాగుతుంది, కుట్టు దాటి పక్క ముక్క మీదికి పాకే పూలకొమ్మ ఎక్కడా తెగదు. అలా కాకుండా, పాత్ర శరీరాన్నే కాపీ చేసి, కొంచెం ఉబ్బించి, దానికి కిమోనో అని పేరు పెడితే, చారలు ఛాతీ దగ్గర విల్లులా వంగి, చంక దగ్గర ముడుచుకుపోతాయి. ఈ లోపం ఎంత పెద్ద చిత్రం వాడినా, ఎంత ఖరీదైన కంప్యూటరు మీద చేసినా పోదు.

అంచుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జపాన్‌లో ఆడవారైనా మగవారైనా ఎడమ అంచును కుడి అంచు మీదికి తెచ్చి కట్టుకుంటారు. 719వ సంవత్సరంలో ప్రజలందరూ ఇలాగే ధరించాలని ఆనాటి రాజాస్థానం ఉత్తర్వు ఇచ్చింది. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవారికి మాత్రమే. ఇప్పుడు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పని ఎలా జరుగుతుందో చూడండి. సగం శరీరానికి మాత్రమే బట్ట మలిచి, అద్దంలోలా తిప్పి చూపే మిర్రర్ సదుపాయం ద్వారా రెండో సగాన్ని తెప్పించుకోవడం అందరికీ అలవాటు. కవచాలకు అది సరిపోతుంది. కిమోనోకు మాత్రం మిర్రర్ పని ముగిశాక రెండు అంచులనూ విడివిడిగా మలచాలి, ఒకదాని కింద ఒకటి నిజంగానే దూరేంత సందు ఉంచాలి, ఏది పైన ఉందో పాత్ర వైపు నుంచి చూసి నిర్ధారించుకోవాలి. తెర మీద మనకు ఎదురుగా నిలబడిన బొమ్మ ఎడమ మన కుడివైపు ఉంటుంది కనుక, తొందరలో ఈ ఎడమ కుడి తారుమారు కావడం చాలా తేలిక. ఒక జపాన్ ఆటగాడు ఆ మాడ్ వేసుకుని చూస్తే, పెళ్లికూతురి అలంకరణలో నిలబడిన పాత్ర ఒంటి మీద అతనికి కనిపించేది శవానికి తొడిగే తీరు.

బట్టను శరీరానికి హత్తించే అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. స్కైరిమ్‌లో పాత్ర సన్నదనాన్నీ లావునూ చూపడానికి ప్రతి దుస్తుకూ రెండు మెష్‌లు కావాలి. ఔట్‌ఫిట్ స్టూడియో వంటి పనిముట్లతో బట్టను శరీరపు వంపులకు అనుగుణంగా క్షణాల్లో సాగదీయవచ్చు. దాని ఫలితంగా అతుక్కుపోయిన తడిబట్టలాంటి కిమోనోలు కుప్పలుగా తయారవుతున్నాయి. నిజానికి కిమోనో కట్టుకునే స్త్రీలు నడుము దగ్గర తువ్వాలు చుట్టి మరీ వంపును పూడ్చుకుంటారు. ఒళ్లు నిలువుగా, నునుపుగా కనిపించడమే ఆ దుస్తు అందం. పొడవు ఎక్కువైన బట్టను నడుము దగ్గర మడిచి, ఆ మడత ఓబీ అనే నడికట్టు కింద ఒక పట్టీలా కనిపించేలా సర్దుకుంటారు. మడతను రంగుతో గీయడం కాకుండా మెష్‌లోనే మలిస్తే, దీపం వెలుతురులో దాని కింద పడే సన్నని నీడ ఆ దుస్తుకు ప్రాణం పోస్తుంది. మగవారి ఓబీ సన్నగా ఉండి తుంటి మీదికి దిగి ఉంటుందన్నది కూడా చాలామంది గమనించడం లేదు.

కదలిక దగ్గర ఇంకొక చిక్కు ఉంది. స్కైరిమ్ పాత్రలు పెద్ద పెద్ద అంగలతో పరుగెడతాయి, విల్లు ఎత్తుతాయి, మెట్లెక్కుతాయి. మెష్‌లోని ఒక్కొక్క బిందువు పాత్రను కదిలించడానికి లోపల అమర్చిన ఎముకల్లో గరిష్ఠంగా నాలుగింటి కదలికనే అనుసరించగలదు. కిమోనోకు పొడవుగా వేలాడే చేతిని ముంజేతి ఎముకకే కట్టేస్తే, విల్లు ఎత్తినప్పుడు అది చెక్కపలకలా బిగుసుకుని లేస్తుంది. దానికి విడిగా ఎముకల గొలుసు అమర్చి, బట్ట కదలికను లెక్కకట్టే ఫిజిక్స్‌ను జోడిస్తే తప్ప వేలాడే గుణం రాదు. కాళ్లకు దగ్గరగా చుట్టిన కింది భాగం పరుగులో రబ్బరులా సాగుతుంది, లేదా తొడలు దానిని చీల్చుకుని బయటికి వస్తాయి. యుద్ధం చేసే పాత్రకు హకామా తొడిగితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ముందు ఐదు, వెనుక రెండు కుచ్చిళ్లతో వదులుగా ఉండే ఆ దుస్తును సమురాయ్‌లు ధరించింది కూడా గుర్రమెక్కడానికీ నడవడానికీ వీలైనదనే. ఒక సంగతి మరిచిపోకూడదు. గేములో బట్టకు మామూలుగా ఒక వైపే కనిపిస్తుంది. కిమోనో చేతి లోపలా అంచు వెనుకా అస్తరు కనబడాలంటే లోపలివైపు కూడా మెష్ వేసి, దానికి వేరే రంగు ఇవ్వాలి. చలికాలపు కిమోనోకు అస్తరు ఉంటుంది, నడివేసవి కిమోనోకు ఉండదు. స్కైరిమ్ మంచుదేశం కనుక అస్తరు ఉండడమే సబబు.

నేత దగ్గరికి వస్తే మన తెలుగువారికి ఒక సహజమైన అనుకూలత ఉంది. జపాన్ కసూరి బట్టలో నూలును నేతకు ముందే అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. మన పోచంపల్లిలో చేసేదీ అదే. ఆ పద్ధతిలో నమూనా అంచు ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు, రంగు వేసిన పోగు ఏ దిశలో సాగితే ఆ దిశలో ఈకలా చెదిరి ఉంటుంది. ఇంట్లో ఇక్కత్ చీరను చూస్తూ పెరిగిన విద్యార్థి, పడుగు వైపు చెదిరిందా, పేక వైపు చెదిరిందా అని అడిగి గానీ టెక్స్చర్, అంటే మెష్ మీద పరిచే రంగు చిత్రం, మొదలుపెట్టడు. కోరమాండల్ తీరంలో అద్దిన మన బట్టలు డచ్చి ఓడల్లో నాగసాకి చేరి, అక్కడ సరస అనే పేరుతో ఎంతో విలువైనవిగా చెలామణి అయ్యాయి. టీ వేడుకల పాత్రలకు వాటితో సంచులు కుట్టించుకున్నారు. కాబట్టి జపాన్ తరహా దుస్తుల్లో ఒక కలంకారీ ముక్కను సముచితమైన చోట వాడితే అది అసంగతం కాదు. ఇక పట్టులోనే నేసిన పూలు, రంగు తేడా లేకుండా కేవలం మెరుపు తేడాతో కనిపించే చోట, ఆ పూలను రంగు చిత్రంలో వేయకూడదు. స్కైరిమ్‌లో నార్మల్ మ్యాప్, అంటే ఉపరితలపు ఎత్తుపల్లాలను చెప్పే చిత్రం, అందులోని ఆల్ఫా అనే అదనపు పొరే మెరుపును నిర్ణయిస్తుంది. పూలు అక్కడ వేస్తే, పాత్ర దీపం వైపు తిరిగినప్పుడే అవి తేలి, పక్కకు తిరగగానే మాయమవుతాయి. పట్టు గుణం అదే.

ఇది కల్పిత ప్రపంచం కదా, ఎలా చేస్తేనేం అని అడిగేవారున్నారు. మార్చుకునే స్వేచ్ఛ తప్పకుండా ఉంది, దానిని నేనూ కోరుకుంటాను. అయితే పదహారు రేకుల చామంతి జపాన్ చక్రవర్తి వంశపు చిహ్నమనీ, మూడు ఆకుల గుర్తు ఒకప్పుడు జపాన్‌ను పాలించిన తొకుగావా వంశానిదనీ తెలియకుండా దారిదోపిడీ దొంగ వీపు మీద వాటిని ముద్రిస్తే, అక్కడ జరిగింది కల్పన కాదు. అలాగే, బతికున్న అద్దకపు కళాకారుల పనిని ఫొటోల నుంచి కత్తిరించి టెక్స్చర్‌గా వాడడాన్నీ, వేరే గేముల నుంచి మెష్‌లు ఎత్తుకురావడాన్నీ ఎవరూ సమర్థించకూడదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరి నుంచి తన సేకరణలో కాపీరైట్ లేని వస్తువుల చిత్రాలను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. వాటిలో పాత కిమోనోల చిత్రాలు కూడా ఉన్నాయి.

హైదరాబాద్‌లో మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో బట్టల రూపకల్పన నేర్పుతున్నారు, మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ నేర్పుతున్నారు. యానిమేషన్ విద్యార్థి కొన్ని వారాలైనా కోత బల్ల దగ్గర నిలబడే ఏర్పాటు, దుస్తుల విద్యార్థి బ్లెండర్ తెరిచే ఏర్పాటు ఈ సంస్థలు కలిసి చేయాలని కోరుతున్నాను. ప్రైవేటు శిక్షణ కేంద్రాలు కూడా తమ పాఠ్యప్రణాళికలో దర్జీ చేత, నేతగాడి చేత పాఠాలు చెప్పించాలి. మీ విద్యా పేజీలో ఈ విషయంపై రెండు రంగాల అధ్యాపకుల అభిప్రాయాలను ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
త్రీడీ మోడలింగ్ అధ్యాపకుడు,
హైదరాబాద్