వీధిలైటు పంచనామాకెక్కాలి

అయ్యా,

అర్ధరాత్రి ఇరుగుపొరుగు గొడవ హత్యదాకా వెళ్తే, కేసు తరచూ ఒకే ప్రశ్న దగ్గర వీగిపోతుంది: ఆ చీకట్లో సాక్షికి ఎలా కనిపించింది? ‘స్తంభం లైటు వెలుగులో చూశా’నని కోర్టులో అంటాడు. పోలీసు వాంగ్మూలంలో ఆ మాట ఉండదు. ఘటనాస్థల పంచనామాలో, రఫ్ స్కెచ్‌లో స్తంభమే ఉండదు. డిఫెన్స్ వకీలుకు ఇంకేం కావాలి! దర్యాప్తు అధికారి రాత్రిపూట కూడా వెళ్లి ఏ లైటు వెలుగుతోంది, సాక్షి నిల్చున్న అరుగు నుంచి ఎన్ని మీటర్లు, మధ్యలో ఆటో గానీ చెట్టు గానీ అడ్డుందా రాసుకోవాలి. తెలిసిన ముఖాలకు గుర్తింపు పరేడ్ (అనుమానితుణ్ని కొందరి మధ్య నిలబెట్టి సాక్షిచేత గుర్తుపట్టించడం) అక్కర్లేదు. బయటివాళ్లుంటే ఫొటోలు వాట్సాప్‌లో తిరగకముందే జరపాలి.

ఇలాంటి కేసుల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాల్సిందేనని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 183వ సెక్షన్ చెబుతోంది. మంచిదే. కానీ బోనులో సాక్షి అడ్డం తిరిగితే ఆ కాగితం ఒక్కటే శిక్ష వేయించలేదు. నిందితుడి గుమ్మం ముందు నుంచే రోజూ పాలకు వెళ్లాల్సినవాడు అడ్డం తిరగడంలో వింతేముంది? 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని సమన్లతోపాటే ఒక చీటీ ఇవ్వాలి.

– ఒక క్రిమినల్ న్యాయవాది, గుంటూరు