చింతపిక్కకు, మర్రిపువ్వు సంగతి

పాలమూరు,
ఆదివారం రాత్రి

ప్రియమైన చింతపిక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఇక్కడ బండ్ల మీద సీతాఫలాలు అమ్ముతున్నారు. ఇప్పుడు రేగుపండ్లు వచ్చేశాయి. అంత ఆలస్యం చేశాను, క్షమించవే. రాద్దామని కాగితం తీయడం, రికార్డులో బొమ్మలు మిగిలి ఉన్నాయని మళ్లీ లోపల పెట్టేయడం, ఇదే వరస. ఫోనులో చెప్పవచ్చు, నిజమే. కానీ నీకు రాత్రి డ్యూటీలు, నా గదిలో ఇంకో ముగ్గురు. ఇది గుసగుసగా చెప్పే సంగతి కాదు.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. ఒంట్లో బాగుంది. హాస్టల్ పప్పుకు అలవాటు పడ్డాను. అమ్మ పంపిన చింతకాయ తొక్కు నలుగురం కలిసి పదిరోజుల్లో ఖాళీ చేశాం. నాన్న ఈసారి యాసంగికి వేరుశనగ వేశారు. బస్సులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఉంది కాబట్టి నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లివస్తున్నాను. మీ మేక పాంథు రెండు పిల్లల్ని ఈనింది! రెండూ నల్లవే. అంతే.

ఇక అసలు సంగతి. కాదు, దానికి ముందు నీ దగ్గర దాచినది ఒకటి ఉంది. నెల క్రితం నాకు మొదటి సెమినార్ ఇచ్చారు, మొక్కల హార్మోన్ల మీద. వారం రోజులు చదివాను, ప్రతి వాక్యం కంఠతా వచ్చు. లేచి నిలబడి శీర్షిక చెప్పాను. రెండో వాక్యం రాలేదు. తరగతి అంతా నా వైపే చూస్తోంది, గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది, మాట మాత్రం లేదు. మేడమ్ మెల్లగా “తర్వాత చెబుదువుగాని, కూర్చో అమ్మా” అన్నారు. ఆ రోజు నుంచి తరగతిలో నోరు తెరవలేదు. పాఠం అర్థం కాక కాదే. రాత్రిపూట నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే అంతా అర్థమవుతుంది. చెప్పబోయేసరికి తెలుగు మాట ముందుగా వచ్చి గొంతులో నిలబడుతుంది, ఇంగ్లిషు మాటకు దారి ఇవ్వదు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో సీటు వచ్చిందని ఊరంతా చెప్పుకున్న నాన్న ముఖం గుర్తొచ్చేది. ఒక శనివారం పెట్టె కూడా సర్దుకున్నాను. బస్టాండు దాకా వెళ్లి... సరే, అది ఇంకోసారి.

నిన్న మా తరగతిని పిల్లలమర్రికి తీసుకువెళ్లారు. పాలమూరుకు దగ్గరే, మూడు నాలుగు కిలోమీటర్లు. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి వచ్చాం కదా, నువ్వు ఊడ పట్టుకుని వేలాడి దెబ్బలు తిన్నావు. ఇప్పుడు అలా కుదరదు, కంచె ఉంది. దాదాపు 700 ఏళ్ల చెట్టు అంటారు. మూడెకరాల మేర పరుచుకుని ఉంది. దిగిన ఊడలన్నీ మానులై నిలబడ్డాయి, తల్లి మాను ఏదో పిల్ల మాను ఏదో పోల్చుకోలేం.

నీకు చెప్పవలసినది ఇంకొకటి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే లోపలంతా చెదలు. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయిందట. అప్పుడు ఏం చేశారో తెలుసా? 2018లో వందల సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి, చెదల మందు నీళ్లలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు! నీ వార్డులో లాగానే, సీసా, గొట్టం, సూది. వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా కట్టారు. అది వింటుంటే రాత్రంతా సీసాలు మారుస్తూ తిరిగే నువ్వే కళ్లముందు కనిపించావు.

అక్కడ దారి ఊడ్చే తాత ఒకరు ఉన్నారు. అందరూ ముందుకు వెళ్లిపోయారు, నేను ఆకుల బొమ్మ గీస్తూ వెనకబడ్డాను. ఆయన చీపురు ఆపి అడిగారు: “బిడ్డా, మీరు చెట్ల చదువు చదువుతున్నారట. ఇన్నేళ్లుగా ఈ చెట్టు కింద ఉన్నాను, దీని పువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. ఇది ఎప్పుడు పూస్తుంది?”

చింతపిక్కా, హైపాంథోడియం, మర్రి పూలగుత్తికి మన పుస్తకంలో పేరు! ఇంటర్‌లో ఆ మాట నోరు తిరగక నువ్వు మేకపిల్లకు పేరు పెట్టుకున్నావే, అదే! చిలక కొరికి పడేసిన కాయ ఒకటి కాలి దగ్గర ఉంది, అప్పుడే ఎరుపు తిరుగుతోంది. గోటితో చీల్చి, నా భూతద్దం తాత చేతిలో పెట్టాను. “పువ్వులన్నీ కాయ లోపలే ఉంటాయి తాతా” అన్నాను. ఆయన చూస్తుండగానే నువ్వుగింజ కన్నా చిన్న కందిరీగ ఒకటి లోపలినుంచి పాకుతూ వచ్చింది.

ఇక నేను ఆగలేదు. కాయకు ఉండే సన్నని నోట్లోంచి తల్లి కందిరీగ ఎలా దూరుతుందో, ఆ ఇరుకులో రెక్కలు ఎలా తెగిపోతాయో, తెచ్చిన పుప్పొడిని ఆడపువ్వులకు అంటించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి అక్కడే ఎలా చనిపోతుందో చెప్పాను. పుట్టిన మగవాటికి రెక్కలే ఉండవు, ఆడవాటికి బయటికి దారి తొలిచి అవీ లోపలే పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో మర్రి కాయను వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. ఈ కందిరీగ లేకపోతే మర్రికి విత్తనం లేదు, మర్రి లేకపోతే దీనికి పుట్టిల్లు లేదు. చెబుతూనే ఉన్నాను. ఎవరో పిల్లలు చుట్టూ చేరారు. తాత భూతద్దం వదలలేదు. చివరికి చీపురు వైపు చూసి, “అయితే రోజూ నేను ఊడ్చి పారేసినవన్నీ పువ్వులేనా, బిడ్డా?” అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

వెనక్కి తిరిగితే మేడమ్. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నారో! ఒక్క మాటే అన్నారు: “గురువారం సెమినార్‌లో హార్మోన్లు వద్దు, ఇది చెప్పు. ముందు తెలుగులో రాసుకో. తాతకు చెప్పినట్టే.”

రాస్తున్నాను. నాలుగు పేజీలయింది. ఇంగ్లిషులోకి మార్చింది ఇంకా అర పేజీయే. గురువారం మళ్లీ రెండో వాక్యం దగ్గర... లేదు, అది ఆలోచించను. ఉదయం పది గంటలకు నా సెమినార్. నీ రాత్రి డ్యూటీ అప్పటికి అయిపోతుంది కదా? పడుకోకుండా కాసేపు నన్ను తలుచుకుంటావా?

అయ్యో, వార్డెన్ లైట్లు ఆర్పమంటున్నారు. బస్టాండు సంగతి ఉండిపోయింది, తాత వచ్చేటప్పుడు నా చేతిలో పెట్టినది ఏమిటో కూడా చెప్పనే లే

నీ
ఊడల మర్రి