చీటీకీ గడువు రాయండి

అయ్యా,

యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో మానేసేవాళ్ల గురించి తరచూ రాస్తుంటారు. మానకుండా వేసుకున్నవాళ్ల సంగతి నేను రాస్తాను. ఇందులో నా తప్పూ ఉంది.

మా ఆవిడకు 63 ఏళ్లు. ఆమధ్య ఏడాదిలోనే మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మళ్లీ రాకుండా డాక్టరు గారు రాత్రిపూట నైట్రోఫ్యురాంటోయిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఒకటి రాశారు. మంట పోయింది. చీటీ మీద ‘కంటిన్యూ’ అని ఉంది. ఎప్పటిదాకా అన్నది లేదు, మేమూ అడగలేదు. మడతల దగ్గర చిరిగిపోతోందని ఆ చీటీని లామినేషన్ చేయించిన ఘనత నాదే. కొన్నాళ్లకు మందుల షాపు కుర్రాడు దాన్ని చూడడం కూడా మానేశాడు. నేను మెట్టెక్కగానే “అవేనా అంకుల్?” అంటూ స్ట్రిప్పులు తీసేవాడు. ఇలా రెండేళ్ల మూడు నెలలు.

మొదట పొడిదగ్గు వచ్చింది. తర్వాత డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయేది. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుందనేది. షుగరేమోనని చూపిస్తే లేదన్నారు. దగ్గుకు మూడు రకాల సిరప్‌లు తాగింది. చివరికి రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు గారు సీటీ స్కాన్ చూసి, “వేసుకునే మాత్రలన్నీ ఇక్కడ పొయ్యండి” అన్నారు. క్యారీబ్యాగు బల్ల మీద బోర్లించాం. బీపీవీ గ్యాస్‌వీ పక్కకు నెట్టి ఈ స్ట్రిప్పొక్కటీ చేతిలోకి తీసుకున్నారు. “ఎన్నాళ్ల నుంచి?” చెప్పాం. “ఈ రాత్రి నుంచే ఆపెయ్యండి.”

ఈ మందు ఆర్నెల్లు దాటి వాడితే ఊపిరితిత్తులు, కాలేయం, నరాలు ఎలా ఉన్నాయో చూసుకుంటూ ఉండాలట. మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కైతే 5 రోజులు చాలట. ఆపాక రెండు నెలలకు దగ్గు తగ్గింది. ఇప్పుడు మెట్లు ఎక్కుతోంది, మధ్యలో ఒకసారి ఆగి. అరికాళ్ల తిమ్మిరి పోలేదు.

ఇది చదివి ఎవరూ మందులు గబుక్కున మానెయ్యకండి. టీబీకి ఆర్నెల్లు మింగాల్సిందే. మా తమ్ముడి కొడుకు కీళ్లవాతం వల్ల వచ్చిన గుండెజబ్బుకు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి వేయించుకుంటున్నాడు. వాడికి మానితేనే ముప్పు. కాకపోతే వాడి కార్డు మీద ప్రతి ఇంజెక్షన్ తేదీ ఉంటుంది, వచ్చేసారి ఎప్పుడో కూడా ఉంటుంది.

డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఇలాంటి మందును ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలని ఔషధ నియమాల్లో 65వ నిబంధన చెబుతోంది. ‘కంటిన్యూ’ అన్న ఒక్క ముక్కతో మా చీటీ ఆ నిబంధనకూ దొరకలేదు.

31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. గడువు ఒక్కరోజు దాటిన బస్సు పాసును కూడా ఇట్టే పట్టేసేవాణ్ణి. ఇంట్లో మాత్రం గడువే లేని చీటీని భద్రంగా దాచుకున్నాను. డాక్టర్లకు నా మనవి ఒక్కటే. మీ బల్ల మీద ఎన్నో రబ్బరు స్టాంపులుంటాయి. ‘ఆపాల్సిన లేదా మళ్లీ చూపించాల్సిన తేదీ’ అన్న గడితో ఇంకొకటి చేయించండి.

— రిటైర్డ్ కండక్టరు, తణుకు