నిచ్చెన తీసి మెట్లు పెట్టే పనికి ఫొటో చూసి రేటు చెప్పడం మానేస్తున్నాం

పాత మోటార్ యాట్‌లలో (ఇంజిన్ విహార పడవల్లో) కాక్‌పిట్, అంటే వెనకవైపు కూర్చునే తెరిచిన చోటు నుంచి పై డెక్కుకు (పై అంతస్తుకు) ఉండే నిట్టనిలువు నిచ్చెన తీయించి, మెట్లు పెట్టించాలనుకుంటున్న కస్టమర్లందరికీ. ఇంతవరకు ఫొటోలు చూసి రేటు, మూడు వారాల గడువు చెప్పేవాళ్లం. అది మా పొరపాటు. ఇకపై డెక్కు తొలిచి చూశాకే అంచనా ఇస్తాం. గడువు ఐదు వారాలు.

మెట్లు చేయడం తేలికే. కష్టమంతా ఎక్కి వెళ్లడానికి పై డెక్కులో ఉండే కన్నంతోనే. డెక్కుల మధ్య ఎత్తు 2,100 మి.మీ. అనుకోండి. 60 డిగ్రీల వాలులో 233 మి.మీ. చొప్పున తొమ్మిది అంగల్లో పైకి చేరతాం, కింద 1.2 మీటర్ల చోటు పోతుంది. తల తగలకూడదంటే కన్నం 1,150 మి.మీ. పొడవుండాలి. పాత కన్నం 600 ఉంటే గొప్ప. పెంచబోతే డెక్కును మోసే అడ్డదూలం (బీమ్) అడ్డొస్తుంది. ఊరికే కోసేస్తే డెక్కు కుంగి మూలల్లో పగుళ్లు పడతాయి. కింద ఊతాలు పెట్టి, బీమ్ కోసిన కొసను అడ్డ బీమ్‌తో పక్క బీమ్‌లకు కలపాలి. మూలలు గుండ్రంగా కోయాలి. కన్నం చుట్టూ మూడువైపులా మీటరు ఎత్తు రెయిలింగ్ వద్దన్నా పెడతాం.

అంతకన్నా పెద్ద చిక్కు, డెక్కు ఫైబర్ పొరల మధ్యనున్న బాల్సా అనే తేలికపాటి చెక్క. పాత స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి నానిపోతుంది. సుత్తితో తడితే గట్టిచోట టక్కుమంటుంది, నానినచోట మొద్దుగా పలుకుతుంది. కింది వైపు నుంచి 5 మి.మీ. బిట్‌తో తొలిస్తే పొట్టు పొడిగా, లేతరంగులో రావాలి. నల్లగా ముద్దలా వస్తే ఆ భాగం మార్చాల్సిందే. బాగున్నచోట కూడా కోసిన అంచు వెంట 25 మి.మీ. లోతున బాల్సా గీకి, సిలికా పొడి కలిపిన ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ జిగురు) నింపుతాం. 10 మి.మీ. బోల్టుకైతే ముందు 16 మి.మీ. రంధ్రం వేసి, ఎపాక్సీతో పూడ్చి, గట్టిపడ్డాక 10.5తో మళ్లీ తొలుస్తాం. విశాఖ తేమకు ఎపాక్సీ మీద జిడ్డుపొర కడుతుంది. నీళ్లతో రుద్ది కడగకుండా తర్వాతి పొర వేస్తే ఊడొస్తుంది. గడువు పెరిగింది ఇందుకే.

మొదట్లో అల్యూమినియం మెట్లకు స్టెయిన్‌లెస్ స్క్రూలు నేరుగా బిగించాం. ఉప్పునీటి తడిలో స్టెయిన్‌లెస్‌కు ఆనుకున్న అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. స్క్రూల చుట్టూ పెయింటు బుడగలు, తెల్లపొడి కనిపిస్తే పడవ తీసుకురండి. రెండు లోహాలూ నేరుగా తగలకుండా నైలాన్ బుష్‌లు (గొట్టపు తొడుగులు), డ్యూరలాక్ అనే తుప్పు నిరోధక పేస్టు పెట్టి మళ్లీ బిగిస్తాం, ఖర్చు మాదే.

ఎక్కడం సులువైందని పైన ఫ్రిజ్, అదనపు బ్యాటరీలు పెట్టమంటే మాత్రం ఒప్పుకోం. పైన బరువు పెరిగిన పడవ ఎక్కువ ఒరుగుతుంది, నెమ్మదిగా లేస్తుంది. పై డెక్కుకు ఇప్పటికే గట్టి కప్పు వేయించుకున్నవాళ్లు స్థిరత్వ పరీక్ష కాగితం చూపితేనే కన్నం కోస్తాం.