పిల్లల సీటు కొంటారు సరే, బిగించేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

14 ఏళ్ల లోపు పిల్లలను సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, 194బి సెక్షన్‌లో ఉందిది. మంచి చట్టమే. కానీ ఆ సీటును బండిలో ఎట్లా బిగించాలో చూపించే మనిషి కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడింట్లోనూ నాకు దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మా బిడ్డ పురిటికి వచ్చింది. మనుమరాలికి 21వ రోజున తొట్టెల చేశాం. పాపకు నెలలు గడుస్తున్నాయి, ఇక తల్లీబిడ్డలను హైదరాబాద్‌లో అత్తగారింటికి పంపాలి. అల్లుడు ఆన్‌లైన్‌లో సీటు తెప్పించాడు. పసిపిల్లలను వెనక్కి తిప్పి, అంటే ముఖం డిక్కీ వైపు ఉండేలా పడుకోబెట్టే రకం. లోపల పుస్తకం ఉంది, ఎన్నో భాషల్లో ఉంది, తెలుగు మాత్రం లేదు. సీటు కవర్లు, స్టీరియోలు అమ్మే ఒక దుకాణానికి పట్టుకెళ్తే అక్కడి పిల్లగాడు "బెల్టు పెట్టి గుంజితే అయిపోతది అంకుల్" అని నిమిషంలో పెట్టేశాడు. పైసలు కూడా తీసుకోలేదు పాపం. నేను పట్టుకుని ఊపి చూస్తే సీటు జానెడు అటూ ఇటూ కదిలింది.

ఇంట్లో మా ఆవిడది ఇంకో మాట. "నా ఒళ్లో పడుకుంటది, ఈ తొట్టి ఎందుకు?" అంది. బస్సులో సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డ మనుషులు ఎట్లా వచ్చి మీద పడతారో నాకు తెలుసు. లెక్క కూడా చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల మీద పోతున్న కారు దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి, 5 కిలోల పసిపాప సుమారు 70 కిలోల బరువుతో ముందుకు పోతుంది. ఏ అమ్మమ్మ చేతులు ఆపుతాయి?

వెనక్కి ఎందుకు తిప్పాలని చాలామంది అడుగుతున్నారు. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముందుకు చూసి కూర్చుంటే, బండి గుద్దినప్పుడు ఒంటిని పట్టీలు ఆపుతాయి గానీ తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది, ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే వీపు, మెడ, తల కలిసి సీటుకే ఒత్తుకుంటాయి, దెబ్బ పరుచుకుంటుంది. యూరప్‌లో పాటించే పిల్లల సీట్ల నిబంధన ఆర్129లో 15 నెలలు నిండేదాకా వెనక్కి తిప్పే ఉంచాలని ఉంది. మన దగ్గర పుట్టువెంట్రుకలకు వేములవాడ పోయేనాటికే, పిల్లాడు కూర్చుంటున్నాడు, కాళ్లు ముడుచుకుపోతున్నాయి అని ముందుకు తిప్పేస్తున్నారు. కాళ్లు ముడుచుకుంటే ఏమీ కాదు. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా తిప్పాల్సిన పనే లేదు.

చివరికి బిడ్డ ఇంగ్లిష్ పుస్తకం చదివి చెబుతుంటే నేనే బిగించాను. మా కారు పాతది, ఐసోఫిక్స్, అంటే పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా తగిలించే కడ్డీలు, లేదు. (మీ బండిలో ఉందో లేదో చూడాలంటే వెనక సీటులో వీపు ఆనే చోటికీ కూర్చునే చోటికీ మధ్య సందులో వేలు పెట్టండి, ఇనుప కడ్డీలు తగిలితే ఉన్నట్టే.) కాబట్టి బెల్టుతోనే. బెల్టుకు దారి ఉంటుంది. చాలా సీట్లకు వెనక్కి తిప్పినప్పుడు పోవాల్సిన దారికి నీలం గుర్తులు, ముందుకు తిప్పినప్పటి దారికి ఎర్ర గుర్తులు. దుకాణంలో పిల్లగాడు నీలం గుర్తును చూడనే లేదు. బెల్టు మెలిక పడకుండా ఆ దారిన పోనిచ్చి, బకిల్ పెట్టి, సీటును ఒంటి బరువంతా వేసి కిందికి అదిమి, మిగిలిన బెల్టును పైకి లాగాలి. మామూలు కారు బెల్టు కుదుపు వస్తేనే లాక్ అవుతుంది, మిగతాప్పుడు వదులవుతూ ఉంటుంది. అందుకే కొన్ని సీట్లకు బెల్టును కరిచిపట్టే క్లిప్ ఇస్తారు, దాన్ని వేయాలి. తర్వాత బెల్టు పోయిన చోటే పట్టుకుని ఊపండి, తలవైపు కాదు. అంగుళం కంటే ఎక్కువ కదిలితే విప్పి మళ్లీ మొదటినుంచి.

వాలు కూడా ముఖ్యమే. సీటు మరీ నిలువుగా ఉంటే పసిపాప తల వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడదు. చాలా సీట్లకు పక్కన వాలు సరిగా ఉందో లేదో చూపే గీత గానీ బుడగ గానీ ఉంటుంది, బండిని చదునుగా ఉన్న చోట నిలిపి దాన్ని చూసుకోవాలి. భుజాల పట్టీలు బిడ్డ భుజాలకు సమానంగా గానీ కొంచెం కిందనుంచి గానీ రావాలి. వేళ్లతో పట్టీని గిల్లితే మడత పడకూడదు. చలికాలమని స్వెటర్, దుప్పటి చుట్టి దానిమీద పట్టీ వేస్తే బిగుతనేది ఉత్తదే. ముందు పట్టీ వేసి, ఆ తర్వాత పైన దుప్పటి కప్పండి.

ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుంటే వెనక్కి తిప్పిన సీటు అక్కడ అసలే పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా సీటు వెనక భాగాన్ని, అంటే బిడ్డ తల దగ్గరే గుద్దుతుంది. ఎండ పడకుండా దించే రేకు మీద ఈ బొమ్మ గీసి అడ్డంగా కొట్టేసి ఉంటుంది, చూసేవాళ్లేరీ?

ఇక దారిలో పాప ఏడ్చిందని నడుస్తున్న బండిలోనే పట్టీ విప్పి పాలిస్తారు. అట్లా వద్దు. హైదరాబాద్ వెళ్లేవాళ్లు జనగామలోనో ఆలేరులోనో ఆపి, బయటకు తీసి, నిదానంగా పట్టించి మళ్లీ పెట్టుకోవచ్చు. అంత చిన్న పిల్లలను గంటల తరబడి ఆ సీట్లోనే ఉంచడమూ మంచిది కాదు.

అధికారులను నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏటా జనవరిలో రోడ్డు భద్రత మాసం అని ర్యాలీలు తీస్తారు, ఫ్లెక్సీలు కడతారు. అందులో ఒక ఆదివారం సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రవాణా శాఖ వాళ్లు నేర్చినవాళ్లను పిలిపించి, జనం తెచ్చుకున్న సీట్లను వాళ్ల బండ్లలోనే బిగించి చూపిస్తే చాలు. కాన్పుల ఆసుపత్రులు డిశ్చార్జి కాగితాలతో పాటు తెలుగులో బొమ్మలతో ఒక పేజీ ఇవ్వాలి. అమ్మే దుకాణాలవాళ్లు బిల్లు కొట్టే ముందే కొనేవాళ్ల బండిలో పెట్టి, ఊపి చూపించాలి. ఆ బండిలో కుదరకపోతే ఆ సీటు వాళ్లకు అమ్మొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
హన్మకొండ