సెల్ఫీ పాయింట్ దగ్గర ఫోన్ మానేస్తామని ప్రమాణం

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో సోషల్ మీడియాకు దూరంగా ఉండమని విద్యార్థులకు పెద్దలు హితవు చెప్పిన సదస్సు వార్త చదివాను. ఫోటో కూడా వేశారు. వేదిక మీద తొమ్మిది మంది ఉంటే నలుగురు తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నారు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టక రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలినీ ఆ సదస్సుకు తీసుకుపోయారు. పదింటికన్న కార్యక్రమం, అతిథులు దయచేసేసరికి పన్నెండున్నర. చివర్లో 'ఫోన్ తగ్గిస్తాం' అని పిల్లల చేత ప్రమాణం చేయించారు. ఆ వెంటనే సెల్ఫీ పాయింట్ దగ్గర వరసగా నిలబెట్టి ఫోటోలు తీసి, స్కూలు ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టి, అందరూ లైకు కొట్టాలని క్లాసు గ్రూపులో మెసేజ్ పంపారు! ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలన్నది ఆ కంపెనీ పెట్టుకున్న నిబంధనే. ఆ హాల్లో ఆరో తరగతి పిల్లలూ ఉన్నారు.

సంక్రాంతికి మా పిల్ల పట్టులంగా వేసుకుని ఫోటో పెట్టింది. రెండు గంటల్లో తీసేసింది. ఏమ్మా అంటే, స్నేహితురాలికి మూడొందల లైకులట, తనకు నలభై. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వాళ్ళవ్వ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేసింది. ఇదేదో మా ఇంటి గోలే అనుకున్నాను. కానీ 2021లో, ఇన్‌స్టాగ్రామ్‌ను కూడా నడిపే ఫేస్‌బుక్ కంపెనీ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన కంపెనీ సొంత కాగితాల్లోనే ఉందట: తమ ఒళ్ళు బాగాలేదని బాధపడే టీనేజి ఆడపిల్లల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పారు. తయారుచేసినవాళ్లకు తెలిసిన సంగతి మా ఆవిడ ఉప్పుతో పోతుందా?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. జరిమానా పిల్లలకో, తల్లిదండ్రులకో వేయరు. కంపెనీలకు వేస్తారు, 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా. అది ఎంతవరకు సాగుతుందో చూడాలి గానీ, ఎవరిని నిలదీయాలో వాళ్లకు తెలిసింది. మనకు దొరికింది తొమ్మిదో తరగతి పిల్ల.

ఫోన్ మానేసి పిల్లలు ఏం చేయాలో కూడా ఆ పెద్దలు చెప్పి ఉంటే బాగుండేది. మా వీధిలో ఒకప్పుడు కబడ్డీ ఆడుకున్న ఖాళీ స్థలంలో ఇప్పుడు యాత్రికుల టెంపోలు నిలుపుతున్నారు. మూడుసార్లు అర్జీ ఇచ్చాను. 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది, అదీ వాట్సాప్‌లోనే. హోంవర్కు రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో వస్తుంది. ఫోన్ లాక్కుంటే చదువు పోతుంది, ఇస్తే నిద్ర పోతుంది. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు చేశాను, ఇంత టెన్షన్ డ్యూటీలో కూడా పడలేదు.

నేనేమీ నిష్ఠాపరుణ్ణి కాను. మొన్న పిల్లను కసురుకుంటే, 'రాత్రి పన్నెండింటికి నువ్వు చూసేది ఏంది తాతా?' అంది. కాణిపాకం అభిషేకం వీడియో అన్నాను. దాని తర్వాత చూసిన పదిహేను వీడియోల సంగతి చెప్పలేదు.

దిగులుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచీ ఉన్న సేవ. రెండున్నర గంటలు కూర్చోబెట్టిన పిల్లలకు ఆ ఐదంకెలు ఒక్కరూ చెప్పలేదట. మీ వార్తలోనూ లేవు. అతిథుల పేర్లు మాత్రం పదకొండు వేశారు.

ఈ ఉత్తరం చేత్తో రాసి పోస్టు చేద్దామనుకున్నాను. లేఖలు వాట్సాప్ నంబరుకే పంపాలని మీ పేపర్లో వేశారు. చదువుకుంటున్న పిల్లను పిలిచి ఫోటో తీయించి పంపుతున్నాను. అరగంటయింది, ఫోన్ ఇంకా దాని చేతిలోనే ఉంది.

ఒక విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
తిరుపతి